తాతయ్య అంబాసిడర్‌కి బ్రేకులు: ప్రాజెక్టు డైరీ

సెప్టెంబర్ 14, ఆదివారం

గేటుకి గుద్దలేదు. ముందు ఆ మాట రాసేస్తే మిగతాది నిదానంగా రాసుకోవచ్చు.

పొద్దున్నే బండి కడుగుదామని షెడ్డులోంచి వెనక్కి తీస్తున్నాను. బ్రేకు మీద కాలు వేస్తే పెడల్ వెన్నలోకి వేలు దిగినట్టు దిగి నేలకి ఆనింది. రెండోసారి తొక్కితే తగిలినట్టే తగిలి మళ్లీ జారిపోయింది. హ్యాండ్ బ్రేకు లాగాను. గేటుకి జానెడు దూరంలో ఆగింది. అరుగు మీద పేపరు చదువుతున్న నాన్న తలెత్తి చూసి, "చెప్పానా?" అన్నారు. ఏం చెప్పారో ఆయనకీ గుర్తుండి ఉండదు. ఏది చెడిపోయినా ఆయన అనే మాట అది.

బండి 1972 అంబాసిడర్, మార్క్ 2. తాతయ్య కొన్నది. 1489 సీసీ పెట్రోల్ ఇంజను, నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులే, అంటే చక్రంతో తిరిగే డ్రమ్ముని లోపలి నుంచి షూలు ఒరుసుకుని ఆపే రకం. ఉత్తరపారా ఫ్యాక్టరీలో 2014లో అంబాసిడర్ల తయారీ ఆగిపోయింది కానీ, విజయవాడ పటమటలో మా షెడ్డులో ఇది మాత్రం ఆగలేదు. ఇవాళ ఆగమన్నా ఆగలేదు, అదీ సమస్య.

వెనక ఎడమ టైరు లోపలివైపు తడిగా ఉంది. యాక్సిల్ ఆయిల్ కారినా అక్కడే తడుస్తుంది కాబట్టి వేలితో తీసి గ్లాసు నీళ్లలో ఒక చుక్క వేశాను. యాక్సిల్ ఆయిల్ అయితే పైన తేలుతుంది. ఇది నీళ్లలో కలిసిపోయింది. బ్రేకు ఆయిలే.

పక్కింటి బాబాయ్ ముప్పై ఏళ్లు లారీ నడిపిన మనిషి. "ఆయిల్ పోసి గాలి తీసేయ్ అబ్బాయ్, దసరా దాకా నడుస్తుంది" అన్నాడు. ఆయన అనుభవం ముందు నేనెంత. కానీ ఈ బండికి బ్రేకు ఆయిల్ వెళ్లే లైను ఉన్నది ఒక్కటే. ఇప్పటి కార్లలో రెండు లైన్లుంటాయి, ఒకటి పోయినా రెండోది సగం ఆపుతుంది. దీనికి నాలుగు చక్రాల్లో ఎక్కడ ఒక్క రబ్బరు వాషర్ పోయినా ప్రెజర్ మొత్తం అక్కణ్నుంచే పోతుంది, నాలుగు చక్రాలూ ఒకేసారి చేతులెత్తేస్తాయి. అందుకని చక్రంలో షూలని నెట్టే సిలిండర్లలో కారుతున్న ఒక్కటి కాదు, రబ్బరు అన్నది ఎక్కడుంటే అక్కడ మొత్తం మార్చాలని నిర్ణయించాను. గడువు: దసరా. అక్టోబర్ 2న అమ్మ బండికి పూజ చేస్తుంది. పద్దెనిమిది రోజులు. సరిపోతాయనిపించింది.

సెప్టెంబర్ 16, మంగళవారం రాత్రి

డ్రైవరు కాళ్ల కింద మ్యాట్ ఎత్తితే నేలలో చిన్న రేకు మూత ఉంటుంది. దాని కింద, ఛాసిస్‌ని అంటుకుని, మాస్టర్ సిలిండర్. పెడల్ తొక్కితే ఆయిల్‌ని పైపుల్లోకి నెట్టేది ఇదే. బోనెట్ ఎత్తి చూసుకునే చోట కాకుండా కాళ్ల కింద ఎందుకు పెట్టారో గానీ, ఆయిల్ పోసేవాడి నడుము మీద వాళ్లకేదో పగ ఉన్నట్టుంది.

రేకు తీయగానే యాభై ఏళ్ల దుమ్ము. మూత తిప్పే ముందు బ్రష్షుతో, తర్వాత తడిగుడ్డతో చుట్టూ శుభ్రం చేశాను. దీనికే అరగంట పట్టింది. ఇసుక రేణువు ఒక్కటి లోపల పడినా తర్వాత అది రబ్బరుని గీస్తుంది.

లోపలి ఆయిల్ ఫిల్టర్ కాఫీ డికాక్షన్‌లా ఉంది. కొత్తది తేనె నీళ్ల రంగులో ఉండాలి. తోడటానికి మెడికల్ షాపులో 50 ఎంఎల్ సిరంజి, ఒక సెలైన్ సెట్టు కొన్నాను. షాపతను "ఎవరికండీ, ఇంట్లో పెద్దవాళ్లకా?" అని జాలిగా అడిగాడు. పెద్దదానికే అన్నాను.

బ్రేకు ఆయిల్ అంటాం కానీ అది నిజానికి ఆయిల్ కాదు. గ్లైకాల్ జాతి ద్రవం, గాల్లోని తేమని పీల్చుకుంటుంది. కృష్ణ ఒడ్డున వానాకాలాల్లో ఏళ్ల తరబడి నిలబెట్టిన బండి ఎంత పీల్చి ఉంటుందో ఊహించుకోవచ్చు. డాట్ అన్నది బ్రేకు ఆయిల్ గ్రేడు. డాట్ 3 ప్రమాణం ప్రకారం కొత్త ఆయిల్ కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. 3.7 శాతం నీరు కలిస్తే ఆ అంకె 140కి పడిపోతుంది. డాట్ 4కి అవే అంకెలు 230, 155. డ్రమ్ములు కాలిపోయేంతగా బ్రేకులు వేస్తే ఆ నీరు ఆవిరవుతుంది. ఆవిరి గాలిలాంటిదే, తొక్కితే నలుగుతుంది. పెడల్ కిందికి పోతుంది, బండి ఆగదు. ఇక ఆ నీరే సిలిండర్ల గోడలకి తుప్పు కూడా పట్టిస్తుంది.

నేను డాట్ 4 వాడుతున్నాను, సీలు తీయని డబ్బా. సగం వాడి అటక మీద పెట్టిన పాత డబ్బా మా ఇంట్లోనూ ఉంది. దాన్ని పారేశాను. డాట్ 5 అన్న పేరు చూసి ఇంకా మంచిదేమో అనుకోకూడదు. అది సిలికాన్, మిగతావాటితో కలవదు.

సెప్టెంబర్ 21, ఆదివారం

నిన్నా ఇవాళా డ్రమ్ములు విప్పడానికే సరిపోయాయి. ముందు చక్రాలకి అడ్డంగా ఇటుకలు కాదు, చెక్క దిమ్మలు పెట్టాను. జాకీతో ఎత్తి, నాలుగు వైపులా స్టాండ్లు వేసి, భుజంతో బండిని గట్టిగా తోసి చూశాను. కదలకపోతేనే కిందికి దూరాను. జాకీ ఒక్కదాని మీద బండిని నమ్మి కింద పడుకోవడం నా వల్ల కాదు.

డ్రమ్ముని పట్టుకున్న స్క్రూలు తలలు అరిగిపోయి ఉన్నాయి. రాత్రంతా తుప్పు నూనె తాగించి, పొద్దున్న సుత్తితో కొట్టే స్క్రూడ్రైవరు పెట్టి ఒక్కొక్కటి కదిపాను. ఒకటి మాత్రం రానంది. దాని తల డ్రిల్లుతో కోసేయాల్సి వచ్చింది.

లోపలి నల్లపొడిని ఊదకూడదు, కంప్రెసర్ గాలి అసలే కొట్టకూడదు. ఆ కాలం లైనర్లలో, అంటే షూ మీద డ్రమ్ముకి రాసుకునే పొరలో, ఆస్బెస్టాస్ ఉండేది. మాస్కు కట్టుకుని, నీళ్లు చిలకరించి, తడిగుడ్డతో తుడిచి, గుడ్డతో సహా కవర్లో మూటకట్టి పడేశాను. మా మేనల్లుడు చూస్తానని వస్తే వరండాలోనే ఆపేశాను. వాడు అలిగాడు.

ముందు చక్రానికి రెండేసి సిలిండర్లు, వెనక చక్రానికి ఒక్కోటి. మొత్తం ఆరు. వెనక ఎడమ దాని రబ్బరు బూటు ఎత్తగానే ఆయిల్ బొటబొటా కారింది. షూ లైనర్ కూడా తడిసిపోయింది. అది కడిగితే పోయే తడి కాదు, లైనరే మార్చాలి. ముందు కుడి పైదాన్లో పిస్టన్ బిగుసుకుపోయి ఉంది. అంటే కొన్నేళ్లుగా ఆ చక్రం సగం బ్రేకుతోనే నడుస్తోంది. బ్రేకు వేస్తే బండి కొంచెం ఎడమకి లాగేది. అలైన్‌మెంట్ అనుకుని రెండుసార్లు డబ్బులు పోసి చేయించాం.

పిస్టన్లన్నీ బయటికి తీసి, సిలిండర్‌లోకి టార్చి వేసి చూశాను. పిస్టన్ జరిగే లోపలి గొట్టం, అదే బోరు, దాని కింది భాగంలో నువ్వుగింజంత నల్లటి మచ్చలు. చిటికెన వేలు పెట్టి మెల్లగా తిప్పితే మిగతా చోటంతా అద్దంలా జారి, సరిగ్గా ఆ మచ్చ దగ్గర గోరు తట్టుకుంది. గోరు తట్టుకుందంటే కొత్త రబ్బరు వేసినా అక్కడ ఆయిల్ దారి వెతుక్కుంటుంది. మచ్చ కంటికి కనిపించినా గోరుకి తగలకపోతే ఉప్పుకాగితంతో నునుపు చేసి వాడుకోవచ్చు. ఈ లెక్కన ఆరింటిలో రెండు బాగున్నాయి, నాలుగు పనికిరావు.

సెప్టెంబర్ 24, బుధవారం

ఆఫీసుకి సగం రోజు సెలవు పెట్టి ఆటోనగర్ వెళ్లాను. ఇంటికి ఇంత దగ్గర్లో ఆటోనగర్ ఉండటం అదృష్టమో, జేబుకి చిల్లో చెప్పలేను.

పాత షాపులో పెద్దాయన నేను తీసుకెళ్లిన సిలిండర్ చేతిలో తిప్పి, దాని మీద పోతపోసిన అంకె చూసి, డ్రాయరు లాగి మైనర్ కిట్ తీశాడు. మైనర్ అంటే రబ్బర్లు మాత్రమే: బకెట్ వాషర్లు, బూట్లు. మేజర్ అంటే పిస్టన్, స్ప్రింగు కూడా వస్తాయి. మాస్టర్ సిలిండర్‌కి మేజర్ తీసుకున్నాను. బకెట్ వాషర్ ఎందుకంటారో చేతిలోకి తీసుకుంటే తెలుస్తుంది. చిన్న బకెట్‌లాగే ఉంటుంది. దాని నోరు ఆయిల్ వైపుకి ఉండాలి. ప్రెజర్ పెరిగేకొద్దీ అంచులు విచ్చుకుని గోడకి ఇంకా గట్టిగా అతుక్కుంటాయి. తిప్పి వేస్తే మొదటి తొక్కుడుకే ఆయిల్ మొత్తం బయటికి.

కిట్లు కొనేముందు ఒక్కో రబ్బరుని వేళ్ల మధ్య మడిచి చూశాను. పెద్దాయన నవ్వాడు. "అంత అనుమానమా?" అన్నాడు. పాత బండి రబ్బర్లు షాపు డ్రాయర్లోనే ముసలివైపోతాయి. ఒకదాని మీద మడత దగ్గర సన్నటి చీలిక కనిపించింది. నవ్వడం మానేసి వేరేది ఇచ్చాడు.

పనికిరాని నాలుగు సిలిండర్లకి కొత్తవి దొరుకుతాయి కానీ, చూపించిన వాటిలో పోత గరుకుగా ఉంది. పాతవాటికి ఇత్తడి స్లీవ్ వేయించడం మేలనిపించింది. రెండు వీధుల అవతల లేతు మెషిన్ దగ్గర ఇచ్చొచ్చాను. బోరు పెద్దది చేసి, ఇత్తడి గొట్టం బిగించి, మళ్లీ పాత సైజుకే తీస్తారు. ఆదివారం కల్లా ఇస్తానన్నాడు. ఏ ఆదివారమో చెప్పలేదు. నేనూ అడగలేదు, అది నా తప్పు.

ఇంటికొచ్చాక మేనల్లుడి అలక తీర్చడానికి చిన్న ప్రయోగం పెట్టాను. రెండు కొత్త బకెట్ వాషర్లు, రెండు జాడీలు. ఒకదాన్లో బ్రేకు ఆయిల్, ఇంకోదాన్లో కిరసనాయిలు. "ఏమవుతుంది మామయ్యా?" అన్నాడు. పదిరోజులాగమన్నాను.

సెప్టెంబర్ 28, ఆదివారం

ఇది ఆ ఆదివారం కాదు. సిలిండర్లు రాలేదు. పైపుల మీద పడ్డాను.

ఇనుప పైపులు ఛాసిస్ పొడవునా తుప్పు పొలుసులతో ఉన్నాయి. ఒకటి వేళ్లతో నలిపితేనే రాలింది. వీటిని వర్క్‌షాపుల్లో బండీ పైపు అంటారు. బండికి వేసేది కాబట్టి బండి పైపు అనుకునేవాణ్ని చాలాకాలం. తీరా చూస్తే బండీ అన్నది దాన్ని తయారుచేసిన అమెరికా కంపెనీ పేరు. పల్చటి ఉక్కు రేకుని రెండు చుట్లు చుట్టి, మధ్యలో రాగితో అతికించిన పైపు అది.

బాబాయ్ రాగి పైపు వేయమన్నాడు. వంగడం సులువు, తుప్పు పట్టదు. నిజమే. కానీ ఉత్త రాగి అదురుకి గట్టిపడి, చివరికి పగులుతుంది. బ్రేకుకి వద్దనుకుని 3/16 అంగుళాల ఉక్కు పైపు తెచ్చాను. పైపు కొసని పువ్వులా విప్పాలి, దాన్నే ఫ్లేర్ అంటారు. సన్నగా ఉండే గోడ చీలకుండా కొసని రెండు మడతలుగా వేయాలి. అద్దెకి తెచ్చిన పనిముట్టుతో మొదటి మూడూ పాడయ్యాయి: ఒకటి వంకర, ఒకటి చీలిక, ఒకటి ఎందుకో నాకే తెలియదు. కొసని ముందు ఆకురాయితో చదునుగా రుద్ది, లోపలి అంచు గీకి, ఒక చుక్క బ్రేకు ఆయిల్ రాస్తే నాలుగోది చక్కగా వచ్చింది.

ఐదోది ఇంకా చక్కగా వచ్చింది. అద్దంలాంటి ఫ్లేర్. చూసి మురిసిపోతుంటే పక్కనున్న నట్టు కనిపించింది. అది పైపులోకి ఎక్కించకుండానే రెండు కొసలూ విప్పేశాను. ఈ పని చేసిన ప్రతివాడూ ఒకసారి ఇలా చేస్తాడని చదివాను. నేను రెండుసార్లు చేశాను.

రబ్బరు హోస్ పైపులు మూడు: ముందు చక్రాలకి రెండు, వెనక యాక్సిల్‌కి ఒకటి. పైకి బాగానే ఉన్నా మూడూ కొత్తవి వేశాను. పాతది ఒకటి బ్లేడుతో నిలువునా కోసి చూస్తే లోపల గొట్టం ఉబ్బి దారి దాదాపు మూసుకుపోయింది. కాలితో తొక్కే బలానికి ఆయిల్ వెళ్తుంది, వెనక్కి రావడానికి మాత్రం వెనకాడుతుంది.

అక్టోబర్ 2, గురువారం, విజయదశమి

బండి స్టాండ్ల మీదే ఉంది. చక్రాలు గోడకి ఆనించి ఉన్నాయి. అమ్మ పసుపు, కుంకుమ, బంతిపూల దండతో వచ్చి ఒక నిమిషం నిలబడి చూసింది. ఏమీ అనలేదు. బోనెట్‌కి దండ వేసి, గోడ దగ్గరికెళ్లి నాలుగు చక్రాలకీ విడివిడిగా బొట్లు పెట్టింది. కొబ్బరికాయ కొట్టింది. నిమ్మకాయలు మాత్రం పళ్లెంలోనే ఉంచేసింది. "తొక్కించేటప్పుడు చెప్పు" అంది. నాన్న అరుగు మీద నుంచి పేపరు దించకుండానే నవ్వారు.

సాయంత్రం లేతు షాపు నుంచి ఫోన్ వచ్చింది. సిలిండర్లు రెడీ.

అక్టోబర్ 5, ఆదివారం

ముందు ప్రయోగం ఫలితం. బ్రేకు ఆయిల్‌లో ఉన్న వాషర్ పెట్టినట్టే ఉంది. కిరసనాయిల్లోది ఉబ్బి, మెత్తబడి, ఇడ్లీలా అయింది. సిలిండర్ మూతిలో పెట్టబోతే పట్టనే లేదు. మేనల్లుడు దాన్ని బళ్లో చూపిస్తానని పట్టుకెళ్లాడు. వాడికే కాదు, సామాన్లన్నీ కిరసనాయిల్లో కడిగేసే అలవాటున్న నాకూ ఇది పాఠమే. బ్రేకు భాగాలకి బ్రేకు ఆయిలే సబ్బు. పెట్రోలు, డీజిలు, ఇంజనాయిలు, గ్రీజు ఏదీ రబ్బరుకి తగలకూడదు.

ఆరు సిలిండర్లూ బిగించాను. స్లీవ్ పని బాగా చేశాడు, గోరు ఎక్కడా తట్టుకోలేదు. పిస్టన్‌కి, రబ్బరుకి బ్రేకు ఆయిల్ రాసి, తిప్పుతూ లోపలికి నెట్టాలి. నేరుగా తోస్తే అంచు మడతపడుతుంది. రాగి వాషర్లు కొత్తవి తక్కువైతే పాతవాటినే అమ్మ గ్యాస్ పొయ్యి మీద ఎర్రగా కాల్చి నీళ్లలో వేశాను. కాల్చిన రాగి మళ్లీ మెత్తబడి బిగించినప్పుడు చక్కగా నలుగుతుంది. వంటింట్లో ఇంకెప్పుడూ చెయ్యనని మాటిచ్చాను.

అసలు కథ మాస్టర్ సిలిండర్‌ది. లోపల, రిజర్వాయర్ అంటే ఆయిల్ నిలవుండే తొట్టి, దాని అడుగున రెండు రంధ్రాలుంటాయి. ఒకటి పెద్దది. రెండోది ఎంత చిన్నదంటే, టార్చి ఏటవాలుగా పట్టి చూస్తే తప్ప కనపడలేదు. కనిపించాక కూడా అది రంధ్రమా, మచ్చా అన్న అనుమానం. బ్రేకు వదిలినప్పుడు లైన్లో మిగిలిన ఆయిల్ ఆ సన్నటి దారి గుండానే రిజర్వాయర్‌లోకి తిరిగొస్తుంది. వేడికి వ్యాకోచించిన ఆయిల్‌కీ అదే దారి. అది పూడుకుపోతే బ్రేకు వదిలినా ప్రెజర్ పోదు. కరెంటు వైరు ఒలిచి, అందులోంచి ఒకే ఒక్క రాగి పోగు తీసి గుచ్చాను. ముందు దిగలేదు. వేళ్ల మధ్య మెల్లగా తిప్పుతుంటే ఏదో మెత్తగా చిట్లినట్టయి పోగు అవతలకి వెళ్లింది. దాని కొసకి బెల్లం పాకంలాంటి ముదురు జిగురు. సూదితో గుచ్చి రంధ్రం పెద్దది చేయకూడదు, పెద్దదైతే కొత్త వాషర్ అంచు దాని మీద రోజూ తెగుతుంది.

అక్టోబర్ 12, ఆదివారం

గాలి తీసే రోజు. పెడల్ మీద మేనల్లుడు. వాడి బరువు చాలదని నాన్నే దిగారు. అరుగు వదిలి బండి దగ్గరికి రావడం నెల రోజుల్లో ఇదే మొదటిసారి.

ముందు చేయాల్సింది అడ్జస్టర్లు బిగించడం. షూలు డ్రమ్ముకి ఆనే దాకా బిగిస్తే పిస్టన్లు తక్కువ దూరం జరుగుతాయి, పెడల్ పైన ఉంటుంది. తర్వాత మాస్టర్ సిలిండర్‌కి అన్నింటికన్నా దూరం చక్రంతో మొదలు. స్టీరింగ్ కుడివైపు కాబట్టి వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, చివరికి ముందు కుడి.

సెలైన్ పైపు ఒక కొస నిపుల్‌కి, అంటే చక్రం వెనక గాలి వదిలే చిన్న మరకి, ఇంకో కొస కొంచెం ఆయిల్ పోసిన సీసాలో ముంచాను. నేను కింద నుంచి "తొక్కండి" అంటే నాన్న "తొక్కా" అనాలి. నిపుల్ వదులు చేస్తే బుడగలు వస్తాయి. బిగించాక "వదలండి" అంటే వదలాలి. రెండుసార్లు నేను బిగించకముందే వదిలేశారు, గాలి వెనక్కి పీల్చుకుంది. "ఇదేంటి, పక్కనే ఉన్నావుగా, అరుస్తావేం?" అని నన్నే కోప్పడ్డారు. ప్రతి ఎనిమిది తొక్కుళ్లకీ మేనల్లుడు సిరంజితో రిజర్వాయర్ నింపాడు. అది ఖాళీ అయితే పని మొత్తం మళ్లీ మొదటికే.

నాలుగు చక్రాలూ అయ్యాక కూడా పెడల్ మెత్తగానే ఉంది. ఇంకో రౌండు. కొంచెం నయం. నాన్నని గట్టిగా తొక్కి పట్టుకోమని టార్చి వేసుకుని ప్రతి జాయింటూ చూశాను. నా ఫ్లేర్లన్నీ పొడిగా ఉన్నాయి, కాస్త గర్వంగానే అనిపించింది. తడి ఎక్కడంటే బ్రేకు లైటు స్విచ్ దగ్గర. ఈ బండిలో ఆ స్విచ్ పెడల్‌కి కాదు, పైపులోనే ఉంటుంది. ఆయిల్ ప్రెజర్‌తో వెలుగుతుంది. కొత్త పైపులూ కొత్త రబ్బర్లూ వేసి, అర్ధశతాబ్దం నాటి ఆ ఒక్క స్విచ్‌ని మర్చిపోయాను. మర్నాడు కొత్తది తెచ్చి వేసి, మూడో రౌండు గాలి తీస్తే పెడల్ రాయిలా నిలబడింది.

ఈ గొడవలో ఒక చుక్క ముందు మడ్‌గార్డు మీద పడింది. నీళ్లతో కడగాలని తెలిసీ తొందరలో గుడ్డతో తుడిచాను. గుడ్డతో పాటు పెయింటూ వచ్చింది. రూపాయి బిళ్లంత.

అక్టోబర్ 18, శనివారం

ముందు వీధిలోనే నడక వేగంలో పది పదిహేనుసార్లు ఆపి చూశాను. నిటారుగా ఆగుతోంది, ఎడమకి లాగడం లేదు. బందరు రోడ్డెక్కి కంకిపాడు దాకా వెళ్దామని బయల్దేరాను. కానూరు దాటేదాకా హాయిగా ఉంది. తాడిగడప దగ్గర యాక్సిలరేటర్ కొంచెం ఎక్కువ తొక్కాల్సి వస్తోందనిపించింది. పోరంకి చేరేసరికి కాలు తీస్తే బండి తనంతట తనే ఆగుతోంది. కాలిన లైనర్ వాసన.

పక్కకి తీసి దిగాను. నాలుగు చక్రాల దగ్గరా సెగ. కొబ్బరిబొండాలమ్మే ఆయన చెంబుతో నీళ్లు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. మంచి మనిషి, కానీ కాలిన పోతఇనుప డ్రమ్ము మీద చన్నీళ్లు పోస్తే పగలొచ్చు. బతిమాలి ఆపి, ఆ చెంబు నేను తాగేశాను, ఒక బొండాం కూడా.

అడ్జస్టర్లు ఎక్కువ బిగించానా, లేక ప్రెజర్ ఇరుక్కుందా? తేల్చుకోవడానికి ఒకటే మార్గం. పానాతో ముందు కుడి నిపుల్ పావు చుట్టు వదులు చేశాను. ఆయిల్ పిచికారీ కొట్టింది, అంతే, చక్రాలన్నీ వదిలాయి. అడ్జస్టర్ల తప్పైతే అలా వదలవు. లైన్లో ప్రెజర్ వెనక్కి పోవడం లేదన్నమాట. ఆ చిన్న రంధ్రమే.

కానీ దాన్ని నా చేత్తో శుభ్రం చేశాను కదా! డ్రమ్ములు చల్లారేదాకా గంటసేపు కూర్చుని, మెల్లగా వెనక్కి నడిపాను. మధ్యలో మరో రెండుసార్లు ఆగి నిపుల్ వదులు చేయాల్సొచ్చింది. ఇల్లు చేరాక మ్యాట్ ఎత్తి పెడల్‌ని వేలితో నొక్కాను. నొక్కీ నొక్కగానే గట్టిగా తగిలింది. మొన్న నేను రాయిలా నిలబడిందని మురిసింది ఈ పెడల్ గురించే. కొత్త మేజర్ కిట్ వేశాక పుష్‌రాడ్‌ని, అంటే పెడల్ నుంచి పిస్టన్‌ని నెట్టే కడ్డీని, పిస్టన్‌కి ఆనించేసి లాక్ నట్ బిగించాను. వాటి మధ్య కొద్దిపాటి సందు ఉండాలి. సందు లేకపోతే పిస్టన్ పూర్తిగా వెనక్కి రాదు, దాని వాషర్ ఆ సన్న రంధ్రం మీదే కూర్చుండిపోతుంది. రంధ్రం శుభ్రంగానే ఉంది, మూత పెట్టింది నేనే. వేడెక్కిన కొద్దీ ఆయిల్ వ్యాకోచించి బ్రేకులు ఇంకా బిగిశాయి, బిగిసిన కొద్దీ ఇంకా వేడి.

అరగంట పని. లాక్ నట్ వదులు చేసి, పుష్‌రాడ్ తిప్పి, పెడల్ పైన వేలితో నొక్కితే చిన్నగా ఊగి అప్పుడు తగిలేలా పెట్టాను. రిజర్వాయర్ మూత తీసి టార్చి వేసి, నాన్నని పెడల్ తొక్కి వదలమన్నాను. వదలగానే ఆయిల్ మీద సన్నటి ఊట లేచింది. ఆ రంధ్రంలోంచే. నాలుగైదుసార్లు తొక్కించి చూశాను. అవసరం లేదు, ఊరికే చూడాలనిపించింది.

అక్టోబర్ 26, ఆదివారం

వారమంతా రాత్రిళ్లు నాలుగు చక్రాల కిందా పాత పేపర్లు పరిచాను. తెల్లారి తీసి చూడటం, పొడిగా ఉంటే మళ్లీ పరచడం. ఏడు రాత్రులూ పొడే. డ్రమ్ములు విప్పి వేడికి లైనర్లేమైనా మెరుపు తేరాయేమో చూసి, ఉప్పుకాగితంతో తేలిగ్గా రుద్ది మళ్లీ బిగించాను. నిన్న కంకిపాడు వెళ్లొచ్చాను. వెళ్తూ రెండుచోట్ల ఆగి, చెయ్యి దగ్గరగా పెట్టి నాలుగు డ్రమ్ములూ చూశాను. గోరువెచ్చన, నాలుగూ దాదాపు సమానం. పోరంకిలో బొండాల ఆయన గుర్తుపట్టి, ఈసారి చెంబు లేకుండానే చెయ్యూపాడు.

ఇవాళ పొద్దున్న బండి గేటు వైపు తిప్పి పెట్టి అమ్మని పిలిచాను. దసరా నాటి నిమ్మకాయలు ఎప్పుడో పచ్చట్లో కలిసిపోయాయి. కొత్తవి నాలుగు తెచ్చి చక్రాల కింద ఒక్కోటీ పెట్టింది. నాన్న ఈసారి పేపరు మడిచి పక్కన పెట్టారు. మేనల్లుడు గేటు తీస్తానంటే నేనే వద్దన్నాను. మూసే ఉండనీ.

ఫస్ట్ గేరు. నాలుగు నిమ్మకాయలూ ఒకేసారి చిట్లిన చప్పుడు. గేటు దగ్గరికొచ్చింది. కాలు వేశాను.

"ఇంకో జానెడు వెళ్లేది" అన్నారు నాన్న.